మూడు రోజుల పళ్ళెం

"రాజీ, మంచినీళ్ళు."

నీళ్ళ ఫిల్టర్ మా ఆయన గిరిధర్ కూర్చున్న కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. నేనున్నది వంటింట్లో, స్టవ్ ముందు, చేతుల నిండా శనగపిండితో. అయినా చెయ్యి కడుక్కుని, గ్లాసు తీసుకుని, అతని కుర్చీ దాటుకుని ఫిల్టర్ దగ్గరకి వెళ్ళి, నింపి, తెచ్చి చేతికిచ్చాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇలా నీళ్ళ కోసం నడిచిన నడక అంతా కలిపితే రాయపూర్ నుంచి మా అత్తగారి ఊరు ఇచ్ఛాపురం దాకా కాలినడకన వెళ్ళి, సముద్రం చూసి వెనక్కి వచ్చి ఉండేదాన్ని. ఇంటి మధ్యలో తిరిగినదానికి ఊరు చేరడం ఉండదు కదా.

ఆ రోజు ఆదివారం. నాగపూర్ నుంచి యోగేష్ భాయ్ అనే పాత వస్తువుల వ్యాపారి వస్తున్నాడు, నా పింగాణీ కొనడానికి. నా పింగాణీ అని నేనంటాను. రేటు ఉన్నప్పుడు గిరిధర్ "మన కలెక్షన్" అంటాడు. రేటు పడిపోతే "నీ పెంకులు" అంటాడు. పది పదిహేనేళ్ళలో అవి ఎన్నిసార్లు కలెక్షన్ అయ్యాయో, ఎన్నిసార్లు పెంకులయ్యాయో అవి ఉన్న చోటు చూసి చెప్పెయ్యొచ్చు. మొదట బీరువాలో నా చీరల కింద ఉండేవి. తర్వాత హాల్లో లైట్లు పెట్టిన అద్దాల షోకేసులోకి వచ్చాయి. ఆ తర్వాత ఆ షోకేసులోకి సిల్తారాలో అతను పనిచేసే స్పాంజ్ ఐరన్ ప్లాంటు వాళ్ళిచ్చిన సేఫ్టీ వీక్ షీల్డులు చేరాయి, నావి అటకెక్కాయి. ఇప్పుడు మళ్ళీ దిగాయి. పొద్దున్న ఆరింటి నుంచీ నలభై పింగాణీ ముక్కలూ అటక మీంచి నేనే దింపి, బీరువాలోని ఒక్కటీ కలిపి నలభై ఒకటీ నేనే తుడిచి, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి పెట్టాను. అతను సోఫాలోంచి "జాగ్రత్త, పగలగొడతావ్" అన్నాడు. ఒక్కటీ పగలగొట్టలేదు నేను, ఇన్నేళ్ళలో.

అన్నీ తెల్లటి పింగాణీ మీద నీలి బొమ్మలున్నవే. అన్నిటికీ మూలం మాత్రం ఒక్క పళ్ళెం. దాని సంగతి చెప్పాలంటే నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు చేసిన తప్పు చెప్పాలి.

రెండువేల ఒకటిలో, పెళ్ళయిన నెలకి, అప్పుడింకా రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. మా మావగారు మల్లేశ్వరరావు గారు గార్డుగా చేసేవారు. క్వార్టరు వెనక వరండాలో, బాత్రూము పక్కన, మేకుకి తీగతో వేలాడుతూ ఒక పళ్ళెం కనిపించింది. ఆ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలోకీ అందమైంది అదే. ఒక ఏరు, ఏటి మీద వంతెన, వంతెన మీద ముగ్గురు మనుషులు, ఒడ్డున వంగిన చెట్టు, దూరంగా పైకప్పు కొసలు పైకి తిరిగిన ఇల్లు. అంచున గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది. ఇంత మంచి పళ్ళెం ఇక్కడ వేలాడదీశారేమిటి, వీళ్ళకి చూపు లేదు అనుకున్నాను. ఆ సాయంత్రం మావగారి స్నేహితుడు గురునాథం గారొస్తే, పళ్ళెం తీసి శుభ్రంగా తోమి, దాన్నిండా జంతికలు పోసి తీసుకెళ్ళి పెట్టాను. కొత్త కోడలికి ఎంత ముచ్చటో అని ఆయన మెచ్చుకున్నారు కూడా. మావగారు తిన్నారు, గిరిధర్ తిన్నాడు. అప్పుడు పక్కింటి నుంచి మా అత్తగారు బంగారమ్మ గారు వచ్చి, గుమ్మంలో ఆగి, బల్ల వైపు చూసింది. ఆవిడ ముఖంలో నెత్తురు లేదు.

"ఒలమ్మో, అది మూడు రోజుల పళ్ళేఁవే," అంది నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి. "బయటున్నప్పుడు మనం తినీది."

మా పుట్టింట్లో ఆ పట్టింపు లేదు. నాకేం తెలుసు. గురునాథం గారిని పంపించేసి తండ్రీ కొడుకూ స్నానాలు చేశారు. మిగిలిన జంతికలు పారబోశారు. హాలంతా పసుపునీళ్ళు చల్లారు. గిరిధర్ బాత్రూములో పుక్కిలించి పుక్కిలించి ఉమ్మిన చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. బయటికొచ్చి తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "నీకు కొంచెమైనా బుద్ధుందా? నోట్లో పెట్టుకున్నాను తెలుసా," అన్నాడు. ఏమిటి నోట్లో పెట్టుకున్నది? నేను చేసిన జంతికే. అంతకుముందు రెండురోజుల నుంచీ డబ్బాలోంచి తీసుకుని తింటున్నదే.

ఆ పళ్ళెం కథ తర్వాత నెమ్మదిగా అత్తగారే చెప్పింది. గిరిధర్ తాతగారు పాపయ్య గారు రైల్వేలో ఖలాసీ, అన్నిటికన్నా కింది పని. ఒక దొర దేశం విడిచి వెళ్ళిపోతూ బంగళాలో సామానంతా పనివాళ్ళకి పంచి పెట్టాడు. ఒకరికి కుర్చీ, ఒకరికి గడియారం, పాపయ్య గారికి ఈ పళ్ళెం. ఆయన మురిసిపోయి ఇంటికి తెస్తే ఆయన భార్య రమణమ్మ గారు గుమ్మం దగ్గరే ఆపేసింది. దొరలు గొడ్డుమాంసం తిన్న పళ్ళెం వంటింట్లోకి రాకూడదంది. పారెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. అందుకని వెనక వరండాలో మేకుకి ఎక్కింది. మైల వస్తువు మైల మనుషులకి సరిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంటి ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు అందులోనే తిన్నారు.

నేనూ తిన్నాను, ఐదేళ్ళు. వరండాలో చాప, చెంబు, ఆ పళ్ళెం. దూరం నుంచి అన్నం వడ్డిస్తే చెయ్యి తగలకుండా పట్టుకోవాలి. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత ఒక సంగతి గమనించి నాలో నేనే సిగ్గుపడ్డాను. ఆ మూడు రోజులూ నన్నెవరూ పిలవరు. నా చేతి నీళ్ళు ఎవరూ తాగరు కాబట్టి నీళ్ళు అడగరు. గిరిధర్ తన మంచినీళ్ళు తను ముంచుకుంటాడు, తన కంచం తను తీసుకుంటాడు, అతనికి కాళ్ళున్నాయని నెలకి మూడు రోజులే తెలిసేది. నన్ను కుక్కని కూర్చోబెట్టినట్టు బయట కూర్చోబెట్టారని కోపం. అమ్మయ్య, కూర్చున్నాను కదా అని హాయి. రెండూ నిజమే, రెండూ ఒకే కడుపులో ఉండేవి. అన్నం తింటుంటే మెతుకుల కింద నుంచి ముందు చెట్టు బయటపడేది, తర్వాత వంతెన, చివర్న మనుషులు. వాళ్ళ దగ్గర మూటలేం లేవు, ఎక్కడికీ తొందరగా పోతున్నట్టు లేరు. వంతెన మీద నిలబడి నీళ్ళు చూస్తున్నారంతే.

రెండువేల ఆరులో రాయపూర్లోనే మోవాలో ఈ ఫ్లాట్ కొనుక్కుని వచ్చాం. ఫ్లాట్‌కి వెనక వరండా ఎక్కడుంది? పైగా అప్పటికి నేను ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో పర్చేజ్ సెక్షన్లో చేరాను. జీతం ఇంట్లోకి వస్తోంది. జీతంతో పాటు మడి కూడా సర్దుకుంది, ఎవరూ ఏమీ అనకుండానే. నెలకి ముప్ఫై రోజులూ నా చేతి నీళ్ళు చెల్లుబాటయ్యాయి. సామాను మార్చేటప్పుడు గిరిధర్ ఆ పళ్ళెం తుక్కు కొనే కబాడీవాడి బస్తాలో పడేశాడు. నేను తీసి చీరల మధ్య దాచుకున్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. పాత సామాను కొనే ఘాసీరామ్ దుకాణం ముందు నుంచే నా ఆఫీసు బస్సు వెళ్ళేది. ఒకరోజు అతని తుక్కులో నీలి పువ్వులున్న మూత ఒకటి కనిపిస్తే దిగిపోయాను. మూతే, గిన్నె లేదు. "దీదీ, గిన్నె లేని మూత ఏం చేసుకుంటావ్," అని అతనే నవ్వాడు. రెండు కిలోల వంకాయల ధరకి ఇచ్చాడు. పాత బంగళాలు పడగొట్టిన చోటల్లా ఏది దొరికినా నాకోసం పక్కన పెట్టేవాడు.

నేర్చుకున్నాను. నాకెవరూ నేర్పలేదు. అచ్చు వేసిన పళ్ళేనికి అంచు మీద ఎక్కడో ఒకచోట బొమ్మని అద్దిన కాగితం అతుకు కనపడుతుంది, పువ్వు సగంలో తెగుతుంది. కుంచెతో గీసినదానికి అతుకుండదు, గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా పోతుంది. నా నలభై ఒకటిలో నలభై ఇంగ్లీషు అచ్చులే. మూడు రోజుల పళ్ళెం ఒక్కటే చేత్తో గీసింది, చైనాలో, రెండొందల ఏళ్ళ కిందటిది కావచ్చు. ఆ సంగతి నాకు పదేళ్ళ కిందటే తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది కూడా మన కలెక్షన్ అయిపోతుందని భయం.

రెండువేల పదకొండులో గిరిధర్ జనరల్ మేనేజరు భార్య మా ఇంటికొచ్చి నా ముక్కలు చూసి, ఢిల్లీలో వీటికి ఇంతింత ఇస్తున్నారని చెప్పింది. వారం తిరక్కుండా షోకేసు తయారైంది. వచ్చినవాళ్ళకల్లా గిరిధర్ చూపించేవాడు. అతుకున్న పళ్ళెం పట్టుకుని "హ్యాండ్ పెయింటెడ్" అనేవాడు. నేను పకోడీల ప్లేటు పట్టుకుని నిలబడి, "కాదండీ, అది అచ్చు" అంటే, "నువ్వు లోపల చాయ్ చూడు" అనేవాడు. ఆఫీసులోనూ అంతే. నా కొటేషన్లు నేనే తయారుచేస్తాను, మీటింగులో అవి చదివేది వేరే వాళ్ళు. ప్యూన్ రాని రోజున మాత్రం అందరి చూపూ నా వైపు తిరుగుతుంది. మేడమ్, చాయ్ కా కుఛ్ కీజియే, చాయ్ సంగతి చూడండి. తర్వాత రేట్లు పడిపోయాయి, పాత అచ్చు పళ్ళేలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. అతను నా మీద అలిగాడు, నేనేదో మోసం చేసినట్టు. "ఫాల్తూ పెంకులకి షోకేసొకటి," అన్నాడు. ఆ షోకేసు అడిగిందెవరో మర్చిపోయాడు.

కిందటి నెలలో గిరిధర్ ఎక్కడో చదివాడట, చైనా సరుకు మళ్ళీ అడుగుతున్నారని. నేను ఆఫీసులో ఉండగా ఫొటోలు తీసి యోగేష్ భాయ్‌కి పంపాడు. నన్నడగలేదు. ఫొటోల్లో మూడు రోజుల పళ్ళెం కూడా ఉంది. నా చీరల మధ్యలోంచి తీశాడు. ఆ సంగతి నాకు యోగేష్ భాయ్ వస్తున్నానని ఫోన్ చేశాకే తెలిసింది. కొత్త కారుకి కలిసొస్తుందట. నాకు కోపం కన్నా ముందు కాళ్ళలో ఒక ఆరాటం మొదలైంది. అప్పటి నుంచీ ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. సర్దిన అల్మారా మళ్ళీ సర్దుతున్నాను. పోపు వేసి కూర దించడం మర్చిపోతున్నాను.

ఆ ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే అత్తగారు మంచం మీద నుంచి పిలిచింది. డెబ్బై ఎనిమిదేళ్ళు ఆవిడకి, చూపు బాగానే ఉంది.

"అమ్మేస్తన్నారా దాన్ని?"

"ఆయన అమ్మేస్తారట అత్తయ్యా."

"ఇలాగియ్యి." పళ్ళెం తీసుకుని అంచున పెచ్చు ఊడినచోట బొటనవేలు పెట్టింది. ఆ వేలు దానికి అతికినట్టు సరిపోయింది. "ఇది నా సేతిలోనే పోయింది. పదారేళ్ళు నాకు. మాఘమాసం, ఏటి సలో. సేతులొణికి గచ్చుకి కొట్టుకుంది. మా అత్త రెండు పూటలు కూడెట్టలేదు." వేలు వంతెన మీదకి జరిపి అంది, "ఈ వొంతెన మీద మనుషులున్నారు సూడు, ఆళ్ళు ఇచ్ఛాపురం ఎల్తన్నారనుకునీదాన్ని. మా అమ్మ కాడికి."

ఆవిడ కూడా చూసిందా వాళ్ళని. నా వల్ల హాలంతా పసుపునీళ్ళు చల్లిన మనిషి, చెయ్యి తగలకుండా అన్నం వేసిన మనిషి, అదే వరండాలో అదే వంతెన చూస్తూ కూర్చుంది. నాకంటే ముందు, ముప్ఫై ఏళ్ళ పాటు. ఆవిడ మీద నాకున్న కోపం పోలేదు, కానీ దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది.

"నీకెక్కడికెల్తన్నట్టు అగుపించీవోరు?" అని అడిగింది.

"ఎక్కడికీ వెళ్ళట్లేదు అత్తయ్యా. ఊరికే నిలబడ్డారు."

"అదీ బాగుంది," అంది ఆవిడ.

యోగేష్ భాయ్ పదకొండింటికి వచ్చాడు. అత్తగారు సోఫాలో ఓ మూల కూర్చుంది. నేను చాయ్ ఇచ్చి నిలబడ్డాను. అతను ఒక్కో పళ్ళెం తిరగేసి, హిందీలో గిరిధర్‌ని అడుగుతున్నాడు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు కొన్నారు. జవాబులు నేను చెప్తున్నాను, అతను నా జవాబు విని తల తిప్పి, "అచ్ఛా సర్," అని గిరిధర్‌తో అంటున్నాడు. నలభై ముక్కలూ పక్కన పెట్టేశాడు. అచ్చు సరుకు, సర్, ఇప్పుడు దీనికి గిరాకీ లేదు. చివరి పళ్ళెం దగ్గర మాత్రం భూతద్దం తీశాడు. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళాడు. వెలుతురులో అంచంతా తిప్పి తిప్పి చూశాడు.

"ఇది ఇంట్లోదేనా?"

"మా తాతగారిది," అన్నాడు గిరిధర్. "రైల్వేలో పెద్ద ఉద్యోగం. దొర ఆయన నిజాయితీకి మెచ్చి స్వయంగా బహుమతిచ్చాడు. పండగ పండక్కీ తాతగారు ఇందులోనే భోంచేసేవారు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టేవారు, ఇందులోనే. ఇప్పటికీ గుర్తు."

పుక్కిలించిన చప్పుడు వినిపించింది నాకు. ఇరవై రెండేళ్ళ కిందటిది, ఇప్పుడు ఈ గదిలో, అతని గొంతులోనే. అతని ముఖం చూశాను. అబద్ధమాడుతున్నవాడి ముఖం కాదది, నిజంగా ముద్దలు తిన్నవాడి ముఖం. ఖలాసీ తాత పెద్ద ఉద్యోగి అయిపోయాడు, ఆడవాళ్ళ పళ్ళెం తాతగారి పళ్ళెమైపోయింది, రెండు నిమిషాల్లో.

"ఇలాంటి కథే కావాలి సర్," అన్నాడు యోగేష్ భాయ్. "ఈ రోజుల్లో వస్తువుకి సగం ధర, కథకి సగం ధర. ఇదంతా ఒక కాగితం మీద చేత్తో రాసి సంతకం పెట్టివ్వాలి. సేకరించింది మేడమ్ కదా, మేడమ్ పేరుతో అయితే ఇంకా మంచిది."

"రాజీ, రాసెయ్. నేను చెప్తాను," అన్నాడు గిరిధర్.

"చెప్పక్కర్లేదు. నాకు తెలుసు," అన్నాను.

ఎన్నో రోజుల తర్వాత కుర్చీలో కుదురుగా కూర్చున్నాను. హిందీలో రాశాను, యోగేష్ భాయ్ చదువుకునేలా. అర పేజీ కూడా కాలేదు. సంతకం పెట్టి ఇచ్చాను. అతను పళ్ళెం గిరిధర్ చేతికిచ్చి, కళ్ళజోడు సర్దుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ పళ్ళేన్ని ఒక దొర రైల్వే ఖలాసీ పాపయ్య గారికి ఇచ్చాడు. ఆయన దీంట్లో ఒక్కసారీ తినలేదు. అంటు వస్తువని వంటింట్లోకి రానివ్వలేదు. ఇంటి ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు బయట ఉన్నప్పుడు దీంట్లో తిన్నారు. మొదట రమణమ్మ, తర్వాత ఆమె కోడలు బంగారమ్మ, తర్వాత బంగారమ్మ కోడలు రాజశ్రీ. అంచున పెచ్చు బంగారమ్మ చేతిలో ఊడింది, ఆమెకి పదహారేళ్ళప్పుడు, చలికి. ఈ ఇంటి మగవాళ్ళు దీంట్లో ఒకే ఒక్కసారి తిన్నారు, తెలియక. తెలిశాక స్నానాలు చేశారు."

చివరి వాక్యాలకి అతని గొంతు తగ్గిపోయింది. పళ్ళెం గిరిధర్ చేతుల్లో ఉంది. అతను దాన్ని బల్ల మీద పెట్టేశాడు, మెల్లగా, వేళ్ళ కొసలతో. ఆ వేళ్ళని నేను చూశాను, అత్తగారూ చూసింది.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు తెలుగులో.

"రాసిందాన్లో తప్పేటుందిరా?" అంది అత్తగారు. అరవై ఏళ్ళుగా రాయపూర్లో ఉన్న మనిషి, హిందీ అర్థం కాకపోవడమేమిటి. "నా పేరు రాసింది. మా అత్త పేరు రాసింది. ఇన్నాళ్ళకి ఎవులో ఒకలు రాసినారు."

యోగేష్ భాయ్ ఇబ్బందిగా నవ్వాడు. "మేడమ్, మొదటి లైను ఒక్కటే చాలు. మిగతాది వద్దు. కొన్నవాళ్ళు డ్రాయింగ్ రూములో పెట్టుకోవాలి కదా."

మొదటిసారి అతను నా వైపు తిరిగి మాట్లాడాడు. "రాసిందంతా తీసుకుంటేనే పళ్ళెం," అన్నాను. "లేదంటే లేదు."

అతను గిరిధర్ వైపు చూశాడు. గిరిధర్ కాగితం వైపు చూశాడు. కాగితం మీద ఉన్నది నా సంతకం. కాసేపటికి యోగేష్ భాయ్ అద్దం జేబులో పెట్టుకుని, మనసు మారితే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను నలభై ముక్కలూ దుప్పటితో సహా పక్కకి జరిపి భోజనానికి టేబుల్ ఖాళీ చేశాను. పప్పు, వంకాయ బజ్జీ పచ్చడి, శనగపిండి కూర. అత్తగారికి పెట్టాను, అతనికి పెట్టాను. నాకు మూడు రోజుల పళ్ళెంలో పెట్టుకుని, హాలు మధ్యలో, డైనింగ్ టేబుల్ దగ్గర, అతని ఎదురుగా కూర్చున్నాను. అప్పటికి నాకు నెలసరి ఆగిపోయి ఏడాదిన్నర. అతను పళ్ళెం వైపు చూసి ముఖం చిట్లించి, మళ్ళీ కంచంలోకి చూసుకున్నాడు. పచ్చిమిరపకాయ తగిలినట్టుంది, దగ్గాడు.

"మంచినీళ్ళు," అన్నాడు.

నేను ముద్ద కలుపుతున్నాను. చెట్టు కనిపించింది, వంతెన ఇంకా కనిపించలేదు.

"రాజీ, నీళ్ళు."

"నేను దేంట్లో తింటున్నానో చూశారా?" అన్నాను. "ఇందులో తింటున్న ఆడదాన్ని నీళ్ళు అడక్కూడదు. మీ ఇంటి ఆచారమే."

అత్తగారి దగ్గర్నుంచి ఒక చప్పుడొచ్చింది. నవ్వని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది, ఈ ఇంట్లో ఆ నవ్వు నేను పెద్దగా వినలేదు. అతను ఇద్దరి వంకా చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు. ఫిల్టర్ కుళాయి తిప్పిన చప్పుడైంది.

నేను తలెత్తలేదు. పప్పన్నం పక్కకి జరిపితే వంతెన మీద మనుషులు బయటపడ్డారు. మూడు రోజులనేది ఎవరో ఎప్పుడో పెట్టిన లెక్క. రేపటి నుంచి నేను రోజూ ఇందులోనే తింటాను.